పగటి కరెంటుతో వండుకోనివ్వండి: విద్యుత్ నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్ని. మా నాన్న ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన గోళ్ల సందుల్లో నలుపు ఉద్యోగం మానేశాక కూడా చాలా కాలం పోలేదు. నా చదువు, నా పెళ్లి, ఇప్పుడు మేం ఉంటున్న డాబా ఇల్లు, అన్నీ ఆ బొగ్గు పుణ్యమే. కాబట్టి బొగ్గును తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేను తిడితే మా నాన్న ఊరుకోరు కూడా.

రెండేళ్ల క్రితం ఆ డాబా మీదే 3 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాం. పీఎం సూర్యఘర్ పథకంలో 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక వాదన నడుస్తూనే ఉంది. "సూర్యుడు సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగిపోతాడమ్మా. మరి నైట్ షిఫ్ట్ ఎవరు చేస్తారు?" అంటారు నాన్న. దీనికి నా దగ్గర చాలాకాలం సరైన జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది. అయితే ఆ జవాబు నిలబడాలంటే, కరెంటు ధరలు నిర్ణయించే మీరు ఒక పని చేయాలి: ఇళ్లు పగటిపూట వాడే కరెంటుకి విడిగా తక్కువ ధర పెట్టాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు మా వంటిల్లు గురించి చెప్తాను. మా నాయనమ్మది కట్టెల పొయ్యి. అమ్మ కాపురానికి వచ్చాక పొట్టు పొయ్యి. సామిల్లు నుంచి రంపపు పొట్టు బస్తా తెచ్చి, మధ్యలో రోకలి నిలబెట్టి చుట్టూ కూరేవాళ్లు. తర్వాత కిరసనాయిలు స్టవ్. రేషన్ షాపు దగ్గర డబ్బాలు వరసలో పెట్టి నిలబడటం నాకు బాగా గుర్తు. గ్యాస్ వచ్చినప్పుడు నాయనమ్మ ఆ వంట ఆరు నెలలు ముట్టలేదు. గ్యాస్ మీద వండింది తింటే కడుపులో గ్యాస్ పడుతుందని ఆమె నమ్మకం. మా వీధిలో చాలామంది అదే మాట అనేవాళ్లు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చాక గానీ పేదల ఇళ్లలో సిలిండర్ మామూలు వస్తువు కాలేదు. కట్టెల పొగలో కళ్లు పాడుచేసుకున్న ఆడవాళ్లకి ఆ సిలిండర్ చేసిన మేలు చిన్నది కాదు. గ్యాస్ మీద కూడా నాకు కోపం లేదని చెప్పడానికే ఇదంతా.

కానీ మనదేశం వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా బయట నుంచే వస్తోంది. అందులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాల నుంచి ఓడల్లో రావాలి. అక్కడ ఎవరు ఎవరితో గొడవపడినా మన ఇంట్లో పప్పు ఉడికే ఖర్చు మారిపోతుంది. మన డాబా మీద పడే ఎండకి అలాంటి బెడద లేదు.

అందుకని ఇండక్షన్ స్టవ్ కొన్నాను. ఇబ్బందులు ముందే చెప్పాలి. ఇంట్లో ఉన్న సత్తు గిన్నెలు ఒక్కటీ దాని మీద పనిచేయలేదు. అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె పనిచేయలేదు. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు దాని మీద కూర్చోదు. వంకాయ కాల్చి పచ్చడి చేయాలంటే మంట ఉండాల్సిందే. కరెంటు పోతే సగం ఉడికిన అన్నం అలాగే ఉండిపోతుంది. కాబట్టి గ్యాస్ స్టవ్ తీసేయలేదు, తీసేయమని ఎవరికీ చెప్పను. అయితే అన్నం, పప్పు, పాలు, ఇడ్లీ, పులుసు, టీ, అన్నీ దాని మీదే అవుతున్నాయి. మా ఇంట్లో 45 రోజులు వచ్చే సిలిండర్ ఇప్పుడు నాలుగు నెలలు దాటుతోంది.

ఇక లెక్కలోకి వస్తాను. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న వేడిని యూనిట్లలోకి మారిస్తే దాదాపు 180 యూనిట్లు. గ్యాస్ స్టవ్ మీద ఆ వేడిలో మూడో వంతు గిన్నె పక్కల నుంచి గాల్లోకి పోతుంది. వేసవిలో వంటింట్లో చెమటలు కారేది అందుకే. ఇండక్షన్ మీద గిన్నె అడుగే వేడెక్కుతుంది కాబట్టి పోయేది చాలా తక్కువ. ఆ తేడాలన్నీ చూస్తే ఒక సిలిండర్ చేసే వంటకి ఇండక్షన్ మీద సుమారు 140 యూనిట్లు సరిపోతాయి. సిలిండర్ 45 రోజులు వచ్చే ఇంటికి నెలకి 93 యూనిట్లన్నమాట.

ఇప్పుడు డాబా లేని, సోలార్ పెట్టుకోలేని ఒక మధ్యతరగతి ఇల్లు తీసుకుందాం. వంట కాకుండా నెలకి 200 యూనిట్లు వాడుతోంది. 2022 నుంచి ఉన్న మీ టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. సర్దుబాటు చార్జీలు, ఫిక్స్‌డ్ చార్జీలు పక్కన పెడితే ఆ ఇంటి బిల్లు 867 రూపాయలు. ఆ ఇల్లాలు వంటంతా ఇండక్షన్ మీదకి మార్చిందనుకోండి. 93 యూనిట్లు కలుస్తాయి. అందులో 25 యూనిట్లు 6 రూపాయల శ్లాబ్‌లో పడతాయి. మిగతా 68 యూనిట్లు 8.75కి వెళ్లిపోతాయి. అదనంగా కట్టాల్సింది 745 రూపాయలు. సిలిండర్ ధర 900 అనుకుంటే, నెలకి ఆమె మానేసిన గ్యాస్ విలువ 600 రూపాయలు.

అంటే గ్యాస్ మానినందుకు ఆమె ప్రతి నెలా 145 రూపాయలు ఎక్కువ కట్టాలి. ఆ 93 యూనిట్లకీ 6 రూపాయలే పడితే 558 అయ్యేది, 42 రూపాయలు మిగిలేవి. మారాలా వద్దా అన్నది ఆమె తెలివి మీదా, పర్యావరణం మీద ఆమెకున్న ప్రేమ మీదా ఆధారపడలేదు. 225వ యూనిట్ దగ్గర మీరు గీసిన గీత మీద ఆధారపడింది.

ఆ గీతలు ఎందుకు గీశారో నాకు తెలుసు. తక్కువ వాడే పేదవాడికి తక్కువ ధర, ఏసీలు వేసుకునేవాడికి ఎక్కువ ధర. న్యాయమైన ఆలోచన. కానీ అది ఇంట్లో కరెంటు అంటే బల్బు, ఫ్యాను, టీవీ అనుకున్న రోజుల నాటి ఆలోచన. అప్పుడు ఎక్కువ యూనిట్లు వాడటం అంటే ఎక్కువ విలాసం. ఇప్పుడు అన్నం వండటం కూడా ఆ యూనిట్లలోకి వస్తోంది. కుక్కర్‌లో పప్పు ఉడకబెట్టిన యూనిట్‌నీ, పడగ్గదిలో ఏసీ నడిపిన యూనిట్‌నీ మీటరు వేరుగా చూడలేదు. అలా చూడగలిగేలా రూలు రాయగలిగేది మీరే.

మరో పక్క రాష్ట్ర ప్రభుత్వం దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తోంది. పేద కుటుంబాలకి అది అవసరమే, ఆపమని అనను. కానీ ఆ మూడు సిలిండర్ల వంట అంటే సుమారు 420 యూనిట్లు. బయటి దేశాల నుంచి వచ్చే ఇంధనానికి సబ్సిడీ ఇచ్చి, మన రాష్ట్రంలో పడే ఎండతో వచ్చే కరెంటుకి శ్లాబ్ పెంచుతున్నాం. సబ్సిడీ మీ చేతిలో లేదు, ప్రభుత్వానిది. శ్లాబ్ మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఇక్కడ మా నాన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. దాన్ని దాటేసి నా మాట గెలిపించుకోవాలని లేదు.

నేను రాత్రి ఏడున్నరకి ఇండక్షన్ మీద చపాతీ కూర చేస్తే ఆ కరెంటు నా ప్యానెళ్ల నుంచి రాదు. ఆ వేళ మన గ్రిడ్‌లో ఎక్కువ వాటా బొగ్గుదే. ఒక యూనిట్ తయారు కావడానికి 700 గ్రాముల బొగ్గు దాకా కాలుతుంది. 93 యూనిట్లూ బొగ్గు నుంచే వస్తే నెల వంటకి 65 కిలోల బొగ్గు. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే కాబట్టి అందులో 20 కిలోల దాకా బూడిదగా మిగులుతుంది. గ్యాస్ అయితే అదే వంటకి తొమ్మిదిన్నర కిలోలు చాలు. వదిలే కార్బన్ డయాక్సైడ్ చూస్తే బొగ్గు కరెంటుతో వంట గ్యాస్ వంట కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అంటే రాత్రి కరెంటుతో వండుకుని నేను కాలుష్యం తగ్గించానని చెప్పుకుంటే అది అబద్ధం. పొయ్యి మా వంటింట్లో ఆరి, నాన్న పనిచేసిన చోట వెలిగినట్టు.

బూడిద గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊరు ఒక థర్మల్ కేంద్రానికి దగ్గర్లో ఉంది. వేసవిలో డాబా మీద వడియాలు పెడితే పైన పల్చటి పంచె కప్పాలి, లేకపోతే సాయంత్రానికి బూడిద రంగు వచ్చేస్తాయి. ఇప్పుడు ప్యానెళ్ల మీద కూడా అదే పొర. పది రోజులకోసారి తడిబట్టతో తుడవకపోతే యూనిట్లు తగ్గిపోతాయి. తుడిచే పని నాన్న పెట్టుకున్నారు. నేను చేస్తానన్నా వినరు.

ఈ లెక్క చూశాక నాకొకటి అర్థమైంది. ఇండక్షనా గ్యాసా, బొగ్గా సూర్యుడా అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎన్ని గంటలకి అని కూడా అడగాలి. మధ్యాహ్నం పన్నెండుకి వండిన అన్నానికీ, రాత్రి ఎనిమిదికి వండిన అన్నానికీ కాలిన ఇంధనం వేరు.

మధ్యాహ్నం మన రాష్ట్రంలో ఎండ కరెంటు బాగానే ఉంటుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచే ఉంది. తర్వాత అనంతపురం, కడప వైపు ఇంకా వచ్చాయి. ఆ వేళ థర్మల్ యూనిట్లని లోడ్ తగ్గించి నడపమంటారు, సాయంత్రం కాగానే మళ్లీ పైకి ఎక్కించమంటారు. సగం సామర్థ్యం దాకా దించి, నాలుగు గంటల్లో మళ్లీ ఎక్కించడానికి ఆ పాత బాయిలర్లు కట్టలేదని నాన్న బాధపడతారు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ట్యూబులు లీకవుతాయట. ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు ఇంటికొస్తే మాట్లాడుకునేది ఇదే. బొగ్గు మనిషికీ, సోలార్ మనిషికీ ఒకే కోరిక ఉందని నాకు ఆ మాటలు వింటుంటే తెలిసింది. మధ్యాహ్నం వాడకం పెరగాలి, సాయంత్రం తగ్గాలి. పెద్ద ఎత్తున అయితే పిన్నాపురం లాంటి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు చేసేది అదే, పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి రాత్రికి కిందికి వదలడం. ఇళ్లలో అంత ఖర్చు లేకుండానే కొంత చేయొచ్చు.

స్నానాల నీళ్లే తీసుకోండి. మన దగ్గర ఇల్లు వెచ్చబెట్టుకునే అవసరం లంబసింగి, అరకు వైపు తప్ప లేదు. మన ఇళ్లలో వేడి అంటే వంట తర్వాత వేడినీళ్లే. 25 లీటర్ల గీజర్‌లో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కడానికి ఒక యూనిట్ పడుతుంది. అందరూ పొద్దున ఆరు, ఏడు మధ్య స్విచ్ వేస్తారు. గ్రిడ్‌కి అది రద్దీ సమయం. అదే గీజర్‌ని మధ్యాహ్నం రెండింటికి వేస్తే, లోపల చుట్టూ ఉన్న ఫోమ్ వల్ల నీళ్లు సాయంత్రం స్నానానికి ఇంకా వేడిగానే ఉంటాయి. ఇంటికి అంతకంటే చౌకైన బ్యాటరీ లేదు. మేం చేస్తున్నది అదే. వంటలో కూడా బడి లేని రోజుల్లో పదకొండు తర్వాతే అన్నం, పప్పు అన్నీ పెడతాను. రాత్రికి కూర వేడి చేసుకుంటే సరిపోతుంది. బడి ఉన్న రోజుల్లో కుదరదు, పొద్దున ఆరున్నరకే క్యారేజీలు కట్టాలి.

నాకు డాబా ఉంది, ప్యానెళ్లు ఉన్నాయి, అందుకే నాకు మధ్యాహ్నం కరెంటుకి విలువ తెలుస్తోంది. అద్దె ఇంట్లో ఉండే మా స్కూల్ అటెండర్‌కి ఎలా తెలుస్తుంది? అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉండే చెల్లెలికి ఎలా తెలుస్తుంది? వాళ్ల బిల్లులో మధ్యాహ్నం యూనిట్, రాత్రి యూనిట్ ఒకటే. పైగా మాలాంటి వాళ్లం సోలార్ పెట్టుకుని పెద్ద శ్లాబ్‌ల నుంచి తప్పుకునే కొద్దీ, లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు డాబా లేని వాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. ఈ మాట సోలార్ పెట్టుకున్నవాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. నాకు మాత్రం ఇది మనసులో ముల్లులా ఉంది.

ఇప్పుడు అసలు విన్నపం. కేంద్రం 2023 జూన్‌లో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించింది. ఏ గంటకి ఎంత వాడామో రాసుకునే స్మార్ట్ మీటరు ఉన్నవాళ్లకి సోలార్ వేళల్లో, అంటే ఎండ కరెంటు బాగా వచ్చే పగటి గంటల్లో, ధర మామూలు ధర కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని అందులో ఉంది. మంచిదే. కానీ ఇళ్లకి ఆ 20 శాతాన్ని ఇప్పుడున్న శ్లాబ్‌ల మీదే తీసేస్తే ఏమవుతుందో చూడండి. 8.75లో 20 శాతం పోతే 7 రూపాయలు. పైన చెప్పిన ఇల్లాలికి గ్యాస్ ఖర్చు యూనిట్ లెక్కన ఆరున్నర లోపే పడుతోంది. పై శ్లాబ్‌లో పడే ఆ 68 యూనిట్లకి ఏడేసి రూపాయలు కట్టి ఆమె గ్యాస్ ఎందుకు మానుతుంది?

కాబట్టి తగ్గింపు మాత్రమే ఇస్తే చాలదు. సోలార్ వేళల్లో ఇళ్లు వాడే యూనిట్లలో నెలకి మొదటి 100 యూనిట్లని శ్లాబ్ లెక్కలోకి తీసుకోకండి. వాటికి విడిగా ఒకే ధర పెట్టండి. 4 రూపాయలా, 4.50 రూపాయలా అన్నది మీ దగ్గరున్న కొనుగోలు లెక్కలు చూసి మీరే నిర్ణయించండి. ఆ వంద యూనిట్లు వాడుకున్నందుకు సాయంత్రం యూనిట్లు పై శ్లాబ్‌లోకి జరగకూడదు. నేను అడిగేది ఇంతే. అప్పుడు అద్దె ఇంట్లో ఉన్నావిడ కూడా పదకొండింటికి కుక్కర్ పెట్టి, రెండింటికి గీజర్ వేస్తుంది. ప్యానెల్ లేకపోయినా ఎండ ఆమె బిల్లులో కనిపిస్తుంది.

ఇదే నిబంధనల్లో ఇంకో వైపు కూడా ఉంది, రద్దీ వేళల్లో ఎక్కువ ధర. పరిశ్రమలకి అది వేరే సంగతి. ఇళ్ల మీద పొద్దున పూట అది వేసేముందు ఒక్కసారి మా వీధికి వచ్చి చూడండి. ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ప్రతి ఇంట్లో ఆడవాళ్లు నిలబడే ఉంటారు. పిల్లల బడి, మగవాళ్ల డ్యూటీ, వాళ్ల సొంత ఉద్యోగం, ఏ ఒక్క దాని టైమూ వాళ్ల చేతిలో లేదు. వాళ్లు ఆ వంటని మధ్యాహ్నానికి మార్చలేరు. తక్కువ వాడే ఇళ్లకి పొద్దున పూట అదనపు ధర వద్దు.

స్మార్ట్ మీటరు అంటే జనంలో భయం ఉంది. బిల్లు పెరుగుతుందని, చెప్పకుండా కరెంటు కట్ చేస్తారని టెన్షన్. ఆ భయం ఊరికే రాలేదు, ఇప్పటిదాకా మీటర్ల విషయంలో ఏ మార్పు వచ్చినా చివరికి బిల్లు పెరగడమే చూశారు. మీటరు మార్చిన మొదటి నెలలోనే పగటి యూనిట్లకి తక్కువ పడిందని బిల్లు మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో కనిపిస్తే ఆ భయం దానంతటదే తగ్గుతుంది. ఇప్పుడొచ్చే బిల్లు చదవడానికి నాకే పావుగంట పడుతోంది.

నేను పదో తరగతి పిల్లలతో ఒక ప్రయోగం చేయిస్తాను. ఇండక్షన్ స్టవ్ మీద రెండు లీటర్ల నీళ్లు మరగబెట్టి మీటరు చూడమంటాను. ఐదో వంతు యూనిట్ లోపే అవుతుంది. మొదట వాళ్లు వేసే అంచనాలు రెండు, మూడు యూనిట్లు. తర్వాత ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మరి మా ఇంట్లో ఎందుకు కొనరు టీచర్?" అని. ఫిజిక్స్ దాకా నేను చెప్పగలను. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం మీ టారిఫ్ ఉత్తర్వులో ఉంది.

ఈసారి టారిఫ్ మీద బహిరంగ విచారణ పెట్టినప్పుడు నేను వస్తాను. రెండేళ్లుగా రాసుకుంటున్న మీటరు రీడింగుల నోట్‌బుక్ తెస్తాను. ఏ గంటకి ఎన్ని యూనిట్లు వచ్చాయి, ఎన్ని వాడాం, గ్యాస్ ఎప్పుడు మార్చాం, అన్నీ అందులో ఉన్నాయి. నాన్న కూడా వస్తానంటున్నారు. రాత్రి షిఫ్ట్ గురించి ఆయన అడగాల్సింది ఆయనే అడుగుతారట. ఇద్దరికీ చెరో ఐదు నిమిషాలు ఇవ్వండి.

ఇట్లు
ఒక గృహ విద్యుత్ వినియోగదారు, సైన్స్ టీచర్